విద్యుత్తును కొలిచిన ఉపాధ్యాయుడు

ఒక సత్యమును కనుగొనుట వేఱు. దానిని నలుగురి యెదుట నుంచి పరీక్షకు నిలుపుట వేఱు. ఈ భేదము విద్యుచ్ఛాస్త్ర చరిత్రమున నొకచోట మిక్కిలి స్పష్టముగ గానవచ్చుచున్నది. ఒకే నియమమును ఇరువురు కనుగొనిరి. ఒకడు దానిని తన కాగితములలోనే యుంచుకొనెను. వేఱొకడు ప్రకటించి కష్టములపాలయ్యెను. లోకమునకు ఉపకరించినది ఆ రెండవవాని పని.

ఆ నియమము చిన్నది. తీగెలో విద్యుత్తును నడపు ఒత్తిడిని వోల్టులతోను, ప్రవాహమును ఆంపియరులతోను కొలుతురు. వోల్టులను ఆంపియరులచే భాగించినచో, ఆ తీగె ప్రవాహమునకు చూపు అడ్డు, అనగా నిరోధము, ఓములలో వచ్చును. ఆ రెండు సంఖ్యలనే గుణించినచో, సెకను సెకనునకు వ్యయమగు శక్తి, అనగా సామర్థ్యము, వాట్టులలో తేలును. గుణకార భాగహారములు నేర్చిన బాలుడు చేయగల యీ లెక్కకు వెనుక నూఱేండ్ల చరిత్ర గలదు.

1781లో ఇంగ్లండునందు హెన్రీ కావెండిషు అను ధనికుడు ఉప్పునీరు నింపిన గాజుగొట్టములగుండ విద్యుత్తును పంపి, వాని నిరోధములను పోల్చి చూచెను. ప్రవాహమును కొలుచు యంత్ర మేదియు నప్పటికి లేదు. ఆయన తన దేహమునే యంత్రముగ జేసికొని, తగిలిన అదరుల తీవ్రతను పోల్చుకొనెను. ఇంత మోటు సాధనముతో ఆయన సరియైన ఫలితమునకే చేరెను. కాని దానిని ప్రకటింపలేదు. 1879లో మాక్స్వెల్ ఆ వ్రాతలను అచ్చు వేయించువఱకు ఆ సంగతి లోకమునకు తెలియదు. అప్పటికి ఆ నియమము మఱియొకని పేర వాడుకలో నుండెను.

ఆ మఱియొకడు గేయార్గ్ సైమన్ ఓము. ఇతడు 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. అయినను స్వయముగ గణితము నేర్చి కుమారులకు బోధించిన యుత్తముడు. ఓము 1817లో కొలోను నగరపు పాఠశాలయందు గణిత, భౌతికశాస్త్రముల నుపాధ్యాయుడయ్యెను. బోధన ముగిసిన వేళలయందు అచటి పరికరములతో పరిశోధనలు సాగించెను.

1825లో అతడు ప్రకటించిన మొదటి సూత్రము తప్పు. ఆనాటి ఘటములు కొంతసేపు పనిచేయగనే బలము తగ్గుచుండెను. కొలుచు వస్తువు నిలుకడగ లేనప్పుడు కొలత యెట్లు కుదురును? పొగెండార్ఫ్ సలహాపై అతడు ఘటమును విడిచి, రాగి, బిస్మతు లోహములను అతికించి, ఒక అతుకును మరుగు నీటను, రెండవదానిని మంచునందును ఉంచెను. ఆ రెంటి ఉష్ణోగ్రతలు మాఱవు గనుక విద్యుత్పీడనమును మాఱలేదు. పిదప ఒకే లావుగల యెనిమిది రాగి తీగెలను, రెండంగుళములు మొదలు నూటముప్పది యంగుళముల వఱకు, ఒక్కొక్కటిగ కలిపి, వ్రేలాడు అయస్కాంతపు సూదిచే ప్రవాహమును కొలిచెను. తీగె పొడవు హెచ్చినకొలది ప్రవాహ మెట్లు తగ్గునో యంకెలే చెప్పినవి. 1826లో సవరించిన సూత్రమును, 1827లో సమగ్ర గ్రంథమును వెలువరించెను.

ఆదర మాతనికి దొరకలేదు. ప్రకృతి తత్త్వమును కేవల విచారముచే గ్రహింపవలెననువారు జర్మనీలో ప్రబలులై యుండిరి. గ్రంథమునకు తీవ్రమైన విమర్శ కలిగెను. ఆశించిన పదవి రాక, 1828లో కొలోను ఉద్యోగమును వదలుకొని, 1833లో నూరెంబర్గున కుదురుకొనువఱకు అల్ప వేతనముతో కాలము గడపెను. 1841లో లండను రాయల్ సొసైటీ కాప్లే పతకమిచ్చిన పిదపనే పేరు వెలసెను. మ్యూనిక్కున భౌతికశాస్త్ర ఆచార్యపీఠము 1852లో లభించెను. 1854లో అతడు మరణించెను.

ఇంతలో ఇంగ్లండునందు జేమ్సు జూలు, తీగెలో పుట్టు వేడిమి నిరోధమును బట్టియు, ప్రవాహముయొక్క వర్గమును బట్టియు హెచ్చునని 1840 ప్రాంతమున స్థాపించెను. ప్రవాహము రెట్టింపైనచో వేడిమి నాలుగింతలగును. 1881 నాటి పారిసు మహాసభ ఓము పేరుగల నిరోధపు కొలతను అంగీకరించెను. వాట్టు 1889లో అంగీకృతమయ్యెను.

ఈ లెక్క పండితులకే గాదు, గృహిణులకును కావలసినది. 230 వోల్టుల యింట 60 వాట్టుల తంతుదీపము వెలుగునప్పుడు, 60ని 230చే భాగింపగా ప్రవాహము ఇంచుమించు 0.26 ఆంపియరు; నిరోధము సుమారు 880 ఓములు. 1000 వాట్టుల ఇస్త్రీపెట్టె 4.35 ఆంపియరులు తీసికొనును. దాని నిరోధము 53 ఓములు మాత్రమే. అడ్డు తక్కువైనకొలది శక్తి వ్యయము హెచ్చుచున్నదని గ్రహింపుడు. ఇట్టివి మూడు నాలుగు ఒకే సన్నని తీగెకు తగిలించినచో ప్రవాహములన్నియు కూడును. వేడిమి వర్గమై పెరుగును. గోడలోని తీగె కాలి ఇల్లే దగ్ధము కావచ్చును. ఈ విపత్తును ముందుగ నెఱిగించునది ఒక చిన్న భాగహారము.

మన దేశమునను కుటుంబ రహస్యములుగ దాచబడి, తెలిసినవానితోనే నశించిన మందులును, పనితనములును పెక్కులు గలవు. దాచిన విద్యను దిద్దువారును లేరు, పెంచువారును లేరు. ఓము తన మొదటి తప్పును సైతము ప్రకటించెను. అందుచేతనే అది సవరింపబడెను. మన పిల్లలకు సూత్రమును వల్లె వేయించుటతో తనివినొందక, కొలిచి చూచుటయు, చూచినది చెప్పుటయు నేర్పుదుము గాక!