బొమ్మల పుస్తకమూ, లెక్కల బుద్ధీ

చదువంటే వల్లించటమే అన్న నమ్మకం మన దేశంలో చాలా పాతది. ఎక్కాలు అప్పజెప్పినవాడికి లెక్కలు వచ్చినట్టే. కంటికీ చేతికీ యీ చదువులో చోటు లేదు. ఐరోపాలోనూ ఒకప్పుడు యిదే స్థితి. స్వదేశాన్ని వదలి ప్రవాసంలో బ్రతికిన కొమీనియస్, 1658లో న్యూరెంబర్గులో బొమ్మల పాఠ్యగ్రంథం వెలువరించి, మాటతో పాటు వస్తువూ పిల్లవాడి కంట బడాలని వాదించాడు.

తెలుగునాట సామాన్యుల యిళ్లకు రంగుల బొమ్మల పుస్తకాలు విరివిగా, చౌకగా చేరింది మాస్కో నుండి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసినవాటిని విశాలాంధ్ర పుస్తకశాలలు అమ్మాయి. మాస్కోలో కూర్చుని తెనిగించినవారిలో ఉప్పల లక్ష్మణరావుగారు స్వయంగా వృక్షశాస్త్రజ్ఞుడు. విశాఖ ఉక్కు కర్మాగారానికి సోవియట్ సహకారం కోసం 1979లో ఒప్పందం జరిగింది. ఆ సహకారం అందరికీ తెలిసినదే. పిల్లల పుస్తకాల చరిత్ర కూడా దాని పక్కనే వుండవలసినదని నా అభిప్రాయం.

దుంప కథ అనే రష్యన్ జానపద కథను తీసుకుందాం. తాత దుంపను లాగుతాడు, రాదు. అవ్వ, మనవరాలు, కుక్క, పిల్లి వరసగా పట్టుకున్నా రాదు. చివరకు ఎలుక వచ్చి పట్టుకుంటే వూడివస్తుంది. ఎలుకకు అంత బలముందా? యీ ప్రశ్న వేసిన క్షణాన కథ భౌతికశాస్త్రమవుతుంది. బలాలు కూడుతూ వచ్చాయి. మట్టి పట్టును మించటానికి మిగిలిన కొరత ఎలుకపాటిది. మరి ఎలుకను ముందు నిలబెడితే? మొత్తం మారదు, కాని వెనకవారి లాగుడంతా దాని ఒంటిమీద పడుతుంది. పిల్లలకు తాడొకటి యిచ్చి చూడండి, వారే తేలుస్తారు. ఉపాధ్యాయుడు తొందరపడి, "ఐకమత్యమే బలం" అని నీతి చెప్పాడా, ఆలోచన అక్కడితో ఆగిపోతుంది.

సింహాచలం రైల్వేస్టేషను వున్నది గోపాలపట్నంలోనే. అక్కడి పిల్లలు గూడ్సుబండి పెట్టెలు లెక్కపెట్టటం ఎవరూ నేర్పని గణితం. దుంపను అందరూ కలిసి లాగారు. యిక్కడ యింజను అన్నిటినీ లాగుతున్నది. ఏ రెండు పెట్టెల మధ్య కొక్కెంమీద బరువు ఎక్కువ? పుస్తకంలోని బొమ్మనుండి యీ ప్రశ్నకు ఒక్క అడుగే దూరం.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. మాస్కో నుండి వచ్చే ప్రవాహం ఆగిపోయింది. మన ప్రభుత్వమూ చేతులు ముడుచుకు కూర్చోలేదు: 1957లో నేషనల్ బుక్ ట్రస్టు, 1969లో నెహ్రూ బాల పుస్తకాలయం వచ్చాయి. మంచి పుస్తకం సంస్థ ఆ పాత సోవియట్ కథలు కొన్నిటిని తిరిగి అచ్చువేసింది. యివన్నీ హర్షించవలసినవే. కాని రేవు క్రేనూ, ఉక్కు కొలిమీ, గూడ్సుబండీ బొమ్మలుగా నిలిచి ప్రశ్నించే పుస్తకాలు శ్రామికుల పిల్లలకు ఎన్ని వున్నాయి? యితర దేశం యిచ్చినంత కాలమూ చదివి, అది ఆగగానే నిట్టూర్చటం అభ్యుదయం కాదు. వ్రాయగలవారు వ్రాయాలి, వేయగలవారు బొమ్మలు వేయాలి. ఉపాధ్యాయులు ఆ పుస్తకాలను బీరువాల్లో కాక పిల్లల చేతుల్లో వుంచాలి.