పట్టాలు పోయాయి, బాట మిగిలింది

సింగపూరు భూమధ్యరేఖకు ఇంచుమించు ఒక డిగ్రీ ఉత్తరాన ఉన్న దీవి. ‘వన్-నార్త్’ అన్న పేరు ఆ లెక్క మీద పెట్టినదే. సుమారు 200 హెక్టార్ల ఈ పరిశోధనా కేంద్రానికి 2001లో ప్రఖ్యాత వాస్తుశిల్పి జహా హదీద్ ప్రణాళిక గీశారు. అక్కడి అద్దాల మేడలను గురించి చాలామంది రాశారు. మేమిక్కడ చెప్పదలచినది వాటి పక్కనుండి సాగే పచ్చని బాటను గురించి.

ఇది ఒకప్పటి మలయా రైలు మార్గం. బుకిట్ తీమా నుండి తాంజోంగ్ పగార్ దాకా లైను మళ్లించినది 1932లో. ఇంచుమించు అదే కాలంలో రైల్వే పనికి వచ్చిన భారతీయ కార్మికులు క్వీన్స్‌వే దాపున మునీశ్వరునికి చిన్న గుడి కట్టుకున్నారు. నలుగురూ కూడే చోటును జనం తామే ఏర్పరచుకోవడం మనకు కొత్త కాదు. మన ఊళ్ల రచ్చబండలకు ఏ ఇంజనీరు నక్షా గీశాడు?

1965లో సింగపూరు స్వతంత్ర దేశమైన తరువాత కూడా రైలు భూమి మలేషియా అధీనంలోనే ఉండిపోయింది. అందుచేత చుట్టూ నగరం పెరిగినా ఈ సన్నని నేలలో మేడలు లేవలేదు, చెట్లు పెరిగాయి. 2010లో ఉభయ ప్రభుత్వాలకు ఒప్పందం కుదిరింది. 2011 జూన్ 30 రాత్రి చివరి రైలును జొహోర్ సుల్తాను స్వయంగా నడిపి తీసుకువెళ్లారు.

జానెడు నేల కూడా విలువైన దేశంలో ఆ భూమి ముక్కలై అమ్ముడుపోవచ్చు. అయితే రైలు ఆగకముందే, 2010 అక్టోబరులో, సింగపూరు నేచర్ సొసైటీ దానిని తెగని పచ్చని బాటగా ఉంచాలని ప్రతిపాదించింది. పట్టాలు తీయడానికి ముందు, 2011 జూలైలో, కొద్ది రోజులు దారి తెరిస్తే జనం తండోపతండాలుగా వచ్చి నడిచారు. ప్రభుత్వం పౌరులతో సంప్రదింపుల బృందాన్ని ఏర్పరచింది. 24 కిలోమీటర్ల బాటకు రూపకల్పన పోటీ పెట్టినది ఆ తరువాతే, 2015లో. జపానుకు చెందిన నిక్కెన్ సెక్కెయ్ బృందం గెలిచింది. గెలిచిన నమూనాను కూడా ప్రదర్శనకు పెట్టి ప్రజాభిప్రాయం అడిగారు.

ఇందులో గమనించవలసినది వరుస. ముందు జనం మాట, తరువాత నక్షా. నక్షా పూర్తయ్యాక అడిగితే బెంచీల రంగు చెప్పడం తప్ప జనానికి మిగిలేది లేదు.

అయినా అంతా దక్కలేదు. పట్టాలలో ఎక్కువ భాగం మలేషియాకు తరలిపోయింది. బుకిట్ తీమా దగ్గరి రెండు ఉక్కు వంతెనల వంటివి కొన్ని నిలిచాయి. కార్మికుల మునీశ్వరుడు అంతకు చాలా ముందే, 1998లో, కామన్‌వెల్త్ డ్రైవ్‌లోని కొత్త ఆలయానికి చేరాడు. చెట్లను కాపాడమని అడిగేవారు ఉన్నారు. ఆ లైను మీద చెమటోడ్చిన వారి జ్ఞాపకాన్ని కాపాడమని మనవంటివారు కూడా అడగాలి.

ఇక్కడి తెలుగువారికి 1975 నుండి సమాజం ఉంది. పండుగలకు కూడినట్లే, ఏ తోటకో బాటకో నక్షా ప్రదర్శించినప్పుడు కూడా నలుగురం వెళ్లి, చూసి, మన మాట రాసి రావాలని మా మనవి.