దుప్పటి అమ్మినవాళ్లు

ఎమ్మిగనూరులో ఎవరిని దారి అడిగినా సోమప్ప సర్కిల్ గుర్తుగా చెబుతారు. ఆటోలవాళ్లు రోజుకు నూరుసార్లు ఆ పేరు పలుకుతారు. సోమప్ప ఎవరని అడిగితే నడివయసువాళ్లు కాస్త తడుముకుంటారు. పెద్దవాళ్లు మాత్రం తడుముకోరు: పద్మశ్రీ మాచాని సోమప్ప, మగ్గాల సొసైటీ పెట్టినాయన. ఆ జవాబు సరైనదే, కాకపోతే అందులో సగం కథే ఉంది. ఈ ఊళ్లో నేత ఆయనకు ముందే ఉంది. ఆయన పట్టించుకున్నది నేసిన గుడ్డను ఎవరు కొంటారన్న సంగతి. ఆ లెక్కన పడమటి కర్నూలు చరిత్రలో పేరు మిగిలిన ఒకే ఒక్క సేల్స్‌మన్ ఆయనే అనుకోవచ్చు. మిగతావాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ఆదోనికి, ఎమ్మిగనూరుకు మధ్య దూరం ముప్పై కిలోమీటర్లు. బొంబాయి నుంచి వచ్చిన రైలుమార్గం, మద్రాసు నుంచి వచ్చిన మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారిలో పడింది. ఎమ్మిగనూరుకు ఇవాళ్టికీ రైలు లేదు. ఒక ఊరికి సరుకు, మరో ఊరికి స్టేషను అన్నట్టుగా పంపకం జరిగింది. బొంబాయి వెళ్లే రైలు అందుబాటులో ఉన్నందుకు ఆదోనికి పత్తి సేట్లు వచ్చారు, జిన్నింగ్ ఫ్యాక్టరీలు లేచాయి, షరాఫ్ బజారు నిండింది. ఎమ్మిగనూరు వస్త్రం దూరం పోవాలంటే ముందు ఆదోనిదాకా బండెక్కాల్సిందే.

బ్రిటిషు కాలపు వ్యాపారులు మద్రాసు రాష్ట్రపు పత్తిని ప్రాంతాలవారీగా పేర్లు పెట్టి అమ్మేవారు. నంద్యాల, కర్నూలు వైపు పత్తి ‘నార్తర్న్స్’. బళ్లారి, ఆదోని పత్తి ‘వెస్టర్న్స్’. అప్పట్లో ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది, ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని ఊరు. ఇక్కడ అమ్మేవాడికి తెలుగు ఒక్కటే వస్తే పూట గడవదు. రైతుతో తెలుగులో, పడమటి ఊళ్లవాళ్లతో కన్నడంలో, సేటుతో హిందీలో మాట్లాడాలి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఆదోని మున్సిపల్ మెయిన్ రోడ్డులో ఏ బట్టల అంగడికి వెళ్లినా గుమాస్తా మనిషి ముఖం చూసి భాష మారుస్తాడు.

పత్తి దలాలి చేతిపని చూడాల్సినంత ముచ్చటైనది. కుప్పలోంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగుతాడు. తెగిన రెండు ముక్కలను ఒకదానిమీద ఒకటి పెట్టి మళ్లీ లాగుతాడు. నాలుగైదుసార్లు లాగేసరికి పోగులన్నీ దువ్విన వెంట్రుకల్లా వరసకు వస్తాయి. వాటిని బొటనవేలి గోటి పక్కన పెట్టి పింజ పొడవు చెబుతాడు. ఆ మాటమీద ధర తేలుతుంది. పాత రోజుల్లో చాలా మండీల్లో బేరం తువాలు కింద చేతివేళ్లతో నడిచేది, పక్కనున్న రైతుకు తన సరుకు ధరేమిటో తెలిసేది కాదు. ఇలాంటి వాటిని అదుపులో పెట్టడానికే 1933లో మద్రాసు ప్రభుత్వం వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేసింది. అమ్మకంలో నేర్పు ఎంత ఉంటుందో మోసానికి చోటు కూడా అంత ఉంటుందని ఆదోనివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఎమ్మిగనూరు కథ వేరు. ఇక్కడ మగ్గం ఉన్న ఇంట్లో అందరూ పనివాళ్లే. ఆడవాళ్లు రాట్నం మీద కండెలు చుట్టాలి, ముసలివాళ్లు చిలపలు విప్పాలి, పడుగు సాచే పొద్దున ఇల్లంతా వీధిలో ఉండాలి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు లేస్తే ఆ పూట కూలి పోయినట్టే. ఇక మూట భుజాన వేసుకుని సంతకు ఎవరు పోవాలి? ఈ ప్రశ్న దగ్గరే షావుకారు పుట్టాడు. నూలు అప్పిచ్చేది ఆయనే, గుడ్డ తీసుకునేది ఆయనే, రెండు ధరలూ చెప్పేది ఆయనే. కుర్నివాళ్లు, పద్మశాలీలు, తొగటలు, ఏ నేత కులంవాళ్లయినా ఈ లెక్కలో ఒకటే. పని ఆగదు, బాకీ తీరదు.

1938లో సోమప్ప పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఈ ముడి దగ్గర చెయ్యి పెట్టింది. ఊళ్లో దాన్ని ఇంగ్లీషు పొడి అక్షరాలతో వైడబ్ల్యూసీఎస్ అంటారు. చదువురాని ముసలమ్మలు కూడా అలాగే అంటారు. సహకార సంఘం నూలు టోకున కొంటుంది, ఇంటికిస్తుంది, కూలి కడుతుంది, గుడ్డ తన లెక్కలో వేసుకుని అమ్ముతుంది. చివరి మాట పైకి చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొదటి మూడూ దానిమీదే నిలబడతాయి. సరుకు కదలకపోతే వచ్చే వారం కూలికి డబ్బులుండవు. మూడేళ్లముందే, 1935లో, మద్రాసులో రాష్ట్ర స్థాయి చేనేత సహకార సంఘం మొదలైంది. ఇప్పుడు తమిళనాట కో-ఆప్టెక్స్ అని పిలిచేది దాన్నే. అంటే కాలం అనుకూలంగానే ఉంది. అయినా కరువు సీమలో, రైలు లేని ఊళ్లో సంఘం పెట్టి నిలబెట్టడం మరో సంగతి. పెట్టిన ఏడాదికే యుద్ధం వచ్చింది. తర్వాత నూలు కరువు, కంట్రోళ్లు.

మాచాని వారిది వ్యాపార కుటుంబం. ఆదోనిలో ఎం.జి. బ్రదర్స్ అంటే లారీలు, మోటారు బండ్ల వ్యాపారం గుర్తుకొస్తుంది. ఆ పేరులోని అక్షరాలూ మాచాని ఇంటివే. సరుకు ఒకచోటి నుంచి మరోచోటికి పోతేనే డబ్బు అన్న తెలివి ఆ ఇంటి గాలిలోనే ఉందనుకోవాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. రాజకీయంగా అది విజయమే. బట్టల వ్యాపారికి మాత్రం నిన్నటిదాకా సొంత జిల్లా అయిన బళ్లారి పరరాష్ట్రమైంది, అమ్మకం పన్ను లెక్కలు మారాయి. ఆ ఏడాదే కేంద్రం మిల్లు గుడ్డమీద గజానికి మూడు దమ్మిడీల సెస్సు వేసి, ఆ డబ్బు చేనేతకు మళ్లించింది. అమ్మకాలమీద రిబేటు అలా మొదలైంది. పండగ నెలల్లో సొసైటీ అంగళ్లకు కట్టే రిబేటు బ్యానర్ల వంశవృక్షం ఆ మూడు దమ్మిడీల దగ్గర మొదలవుతుంది. మరుసటి ఏడాది, 1954లో, పద్మ పురస్కారాలు తొలిసారి ఇచ్చినప్పుడు సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. పుట్టి ఏడాదైనా నిండని రాష్ట్రం, దాని పడమటి మూలనున్న ఒక ఊరు, దుప్పట్లు, తువాళ్లు నేయించే మనిషి. ఊరివాళ్లు ఇంకా ఆయన పేరుకు ముందు పద్మశ్రీ తగిలించి పలకడంలో ఆశ్చర్యమేముంది?

ఇక జీతానికి పనిచేసిన అమ్మకందార్ల మాట. చేనేత అంగట్లో మంచి సేల్స్‌మన్ దుప్పటిని బల్లమీద పరచడు. రెండు కొసలు పట్టుకుని ఒక్క విసురు విసురుతాడు, అది గాలికి పూర్తిగా విచ్చుకుని కొనవచ్చినవాళ్ల ఒళ్లో పడాలి. రంగు పోతుందా అంటే తడి గుడ్డతో అంచు రుద్ది చూపిస్తాడు. నూలా, కల్తీయా అంటే ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీస్తాడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, సింథటిక్ అయితే ముద్దకడుతుంది. ఊళ్లు తిరిగేవాళ్ల బతుకు ఇంకా కష్టం. శాంపిళ్ల మూట, ఆర్డరు పుస్తకం, రైలు మూడో తరగతి. ఇంట్లో భార్య కిరాణా అంగట్లో ఖాతా పెట్టి నెల నడిపేది. ఆయన వసూళ్లు తెస్తే ఖాతా తీరేది, బాకీదారు ముఖం చాటేస్తే తీరేది కాదు. చేనేతమీద వచ్చిన కథల్లో నేతగాడి ఆకలి ఉంది, షావుకారి దోపిడీ ఉంది. ఈ మధ్యవాడి సంసారం పెద్దగా కనిపించదు.

సంఘాలకు దెబ్బ ఎక్కడ తగిలిందంటే అందరూ పవర్‌లూమ్ పేరు చెబుతారు. అది ఎటూ ఉంది. ఆదోని మీదుగా పోయే రైలుదారిలోనే షోలాపూర్ ఉంది. అక్కడి చద్దర్ దేశమంతా తెలిసిన సరుకు, తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలు ఆ ఊళ్లో వేలల్లో స్థిరపడ్డారు. మన ఎమ్మిగనూరు దుప్పటికి పోటీ వచ్చింది సాటి తెలుగువాళ్ల నుంచి కూడానన్నమాట. దుప్పట్లు, లుంగీలు, తువాళ్లు మగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. మర నేత దుప్పటిని చేనేతని చెప్పి అమ్మేవాణ్ని అది ఏ మాత్రం ఆపిందో సంతలో ఒక చుట్టు తిరిగితే తెలుస్తుంది.

దీనికి ముందే మరొకటి జరిగింది. 1976లో జనతా వస్త్రాల పథకం వచ్చింది, ఆ ఏడాదే రాష్ట్ర స్థాయి చేనేత సహకార సంస్థ ఆప్కో ఏర్పడింది. ప్రభుత్వమే చౌక చీరలు, ధోవతులు నేయించి తీసుకుంటుంటే మగ్గాలకు పని దొరికింది, అది చిన్న మేలు కాదు. కాకపోతే కొనేవాడు ఒక్కడే అయినచోట కొత్త డిజైను మోసుకుని పొరుగూళ్లు తిరిగే మనిషికి జీతం ఎవరిస్తారు? తొంభైల్లో ఆ పథకం ఎత్తేసేనాటికి రాష్ట్రంలో చాలా సంఘాలకు నేసేవాళ్లున్నారు, గోదాములో సరుకుంది, పాత గిరాకీ మాత్రం లేదు. నేతను చంపింది యంత్రం ఒక్కటే అన్నవాళ్లు ఈ ఇరవై ఏళ్ల సంగతి వదిలేస్తున్నారు.

ఇప్పుడు ఎమ్మిగనూరులో వీవర్స్ కాలనీ ఉంది, సంఘం పేరుమీద పెద్ద మైదానం ఉంది. ముఖ్యమంత్రి స్థాయి నాయకులొస్తే సభ అక్కడే. పుష్యమాసంలో నీలకంఠేశ్వరుడి జాతరకు పల్లెలన్నీ దిగినప్పుడు దుప్పట్ల దుకాణాలు ఇప్పటికీ వెలుస్తాయి, అందులో ఊరి మగ్గం సరుకు ఏదో వెతికి పట్టుకోవాలి.

గెజెటీర్లలో మగ్గాల లెక్క దొరుకుతుంది, పత్తి బేళ్ల లెక్క దొరుకుతుంది. అమ్మినవాళ్ల లెక్క వాళ్ల ఇళ్లల్లోనే ఉండాలి: పాత బిల్లు పుస్తకాలు, వసూలు చిట్టాలు, ఊరుగాని ఊరి నుంచి ఇంటికి రాసిన కార్డులు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో అటక దులిపేటప్పుడు అలాంటి కట్ట దొరికితే పాత కాగితాలవాడికి వేసేముందు ఊళ్లో చరిత్ర చెప్పే మేష్టరుకో, గ్రంథాలయానికో ఒకసారి చూపించడం మంచిది. సోమప్ప సంఘం సరుకు ఏ ఏ ఊళ్లదాకా పోయిందో ఆ కార్డుల మీది తపాలా ముద్రలే చెప్పగలవు.