కేసు పెట్టిన రాత్రి ఎక్కడ పడుకోవాలి?

భార్యను హింసించడం ఒక ప్రత్యేక నేరమని మన శిక్షాస్మృతిలో రాయడానికి 1983 దాకా పట్టింది. అంతకుముందు కొట్టడం నేరం కాదని కాదు. దెబ్బలకు సెక్షన్లు బ్రిటిష్ వాళ్ల కాలం నుంచే ఉన్నాయి. పక్కింటివాణ్ణి కొడితే కేసు; పెళ్లాన్ని కొడితే మాత్రం ‘మొగుడూ పెళ్లాల గొడవ, ఇంటికెళ్లి సర్దుకోండి’.

ప్రభుత్వాలు మొదట పట్టించుకున్నది దెబ్బల్ని కాదు, కట్నాన్ని. ఆంధ్రప్రదేశ్ 1958లోనే కట్న నిషేధ చట్టం చేసింది, కేంద్రం 1961లో చేసింది. అవి ఏ మాత్రం పనిచేశాయో పెళ్లిళ్లు చేసిన తండ్రులనడిగితే చెబుతారు. 1970ల చివర ఢిల్లీలో కొత్త కోడళ్లు వరసగా ‘స్టవ్ పేలి’ చనిపోతుంటే మహిళా సంఘాలు వీధికెక్కాయి. ఆ ఒత్తిడికే 1983లో భార్యను హింసించడం మీద 498ఏ సెక్షన్ వచ్చింది, 1986లో వరకట్న మరణాల మీద 304బీ వచ్చింది. మొదటి దానికింద మూడేళ్ల దాకా జైలు. కానీ భర్తను జైల్లో పెట్టిస్తే తనూ పిల్లలూ ఎవరింట్లో ఉండాలన్నదానికి అందులో జవాబు లేదు. పుట్టింట్లో నాలుగు రోజులుంటే ఐదో రోజు పెద్దమనుషులు పంచాయితీకి వస్తారు. చాలామంది కేసు దాకా వెళ్లకపోవడానికి భయం కంటే ఈ లెక్కే పెద్ద కారణమని నా అభిప్రాయం.

మధ్యలో మన దగ్గర ఇంకోటి జరిగింది. అక్షరాస్యత ఉద్యమం ఊళ్లల్లోకి వెళ్లిన రోజుల్లో, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. తాగొచ్చి కొడుతున్నాడన్నదే వాళ్ల మొదటి ఫిర్యాదు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్లకే ఖజానా లెక్క గెలిచి, నిషేధం సడలింది. దాన్ని గృహహింస నివారణ అని ఏ ప్రభుత్వ కాగితమూ అనలేదు గానీ, ఆ ఇల్లాళ్లకు అది అదే.

2002లో కేంద్రం తెచ్చిన గృహహింస బిల్లులో ‘అలవాటుగా’ కొడితేనే హింస. ఆస్తిని కాపాడుకోవడానికి చెయ్యి చేసుకుంటే మినహాయింపు కూడా! మహిళా సంఘాలు భగ్గుమన్నాయి, ఆ బిల్లు మురిగిపోయింది. లాయర్స్ కలెక్టివ్ న్యాయవాదుల ముసాయిదా ఆధారంగా 2005లో వచ్చిన చట్టం వేరే దారి పట్టింది. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చేనాటికి మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రి ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు భార్యకుందని 17వ సెక్షన్ చెప్పింది. పెళ్లి కాకుండా కలిసి బతుకుతున్న ఆడవాళ్లకూ రక్షణ ఇచ్చింది.

ఆ చట్టం నియమావళిలో మొదటి ఫారం ఒకసారి చదవాలి. బాధితురాలికి సాయపడాలని చట్టం పెట్టిన రక్షణాధికారి దగ్గర కూర్చుని నింపే నివేదిక అది. మగపిల్లాణ్ణి కనలేదని ఎత్తిపొడవడం మొదలుకొని ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, ఉద్యోగం చేయనివ్వకపోవడం, ఇంట్లోంచి గెంటేయడం వరకు ఒక్కొక్కటీ రాసి ఉంటుంది. తాను పడ్డదానికి ఎదురుగా టిక్కు పెడితే చాలు. ఎవరికీ చెప్పుకోలేని మాటలకు సర్కారు కాగితం మీద చోటు దొరకడం చిన్న విషయం కాదు.

కోర్టులో మాత్రం కథ అడ్డం తిరిగింది. చట్టం అమల్లోకి వచ్చి రెండు నెలలు కాకముందే, 2006 డిసెంబరులో, అత్త పేరున ఉన్న ఇంట్లో కోడలికి హక్కు లేదని బత్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉమ్మడి కాపురాల దేశంలో ఇల్లు సాధారణంగా ఎవరి పేరున ఉంటుంది? గృహహింస కేసు వేయగానే మామగారి దస్తావేజు బయటికొచ్చేది. ఆ తీర్పు తప్పని అదే కోర్టు 2020 అక్టోబరులో, సతీశ్ చందర్ ఆహూజా కేసులో చెప్పింది. పద్నాలుగేళ్లు!

ఈలోగా 2015 నుంచి సఖి కేంద్రాలు, 181 హెల్ప్‌లైన్, హైదరాబాద్‌లో 2016లో భరోసా కేంద్రం వచ్చాయి. సఖిలో వైద్యం, పోలీసు, న్యాయసహాయం ఒకేచోట దొరుకుతాయి. అయితే అక్కడి బస కొన్ని రోజులకే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 29 శాతం భర్త చేతి హింస చవిచూశారు. హింసకు గురైనవాళ్లలో సాయం కోరింది 14 శాతమే. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 80 శాతం పైమాటే. సాయం అడగడానికి ముందే ఆమెను ఆపేస్తున్నది ఏమిటో ఈ అంకెను బట్టి కొంత ఊహించవచ్చు.

అడిగినా, ఫారం నింపాల్సిన రక్షణాధికారి చాలాచోట్ల అప్పటికే వేరే పని మోస్తున్న మనిషే. ఆ కుర్చీ ఆయనకు అదనపు బాధ్యత. జిల్లా, తాలూకా స్థాయిల్లో ఈ అధికారులను గుర్తించి ఆరు వారాల్లో నియమించండని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది 2025 మేలో. చట్టం ఆ పని చేయమన్నది 2005లో.