ఆకాశపు పేను

కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో ఓ పత్రికలో కొలతలు చూసి మా వారికి స్వెట్టరు అల్లాను. అందులో ఆయన తల పట్టలేదు. విప్పేసి మా వాడికి టోపీ అల్లి, పరువు దక్కించుకున్నాను.

అలా పుస్తకంలో కొలతలు చూసి విమానమే కట్టుకుంటే?

కట్టుకున్నారండీ! ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే అనే ఆయన 1933లో తన చేత్తో చేసుకున్న బుల్లి విమానంలో ఎగిరాడు. దానికాయన పెట్టిన ముద్దుపేరు ‘ఆకాశపు పేను’. ఇంగ్లీషువాళ్ళకి పేనంటే రోత పుట్టిందో ఏమో, కుక్క మీద గెంతే పురుగుని చేసుకున్నారు. ముందొక రెక్క, వెనకొక రెక్క. కాళ్ళతో తొక్కే పని లేదు, చేతికర్ర ఒక్కటే. మరుసటేడు పుస్తకం రాశాడు. చెక్కపెట్టెకి మేకులు కొట్టడం వస్తే చాలు, విమానం కట్టొచ్చని ఆయన ధీమా! 1935లో అది ఇంగ్లీషులోకి రాగానే బ్రిటన్‌లో షెడ్డు షెడ్డులో సుత్తి చప్పుళ్ళే.

మరి సర్కారు ఊరుకుందా? ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. కంపెనీ విమానానికి రెండు గండాలు. ముందు నమూనాని పరీక్షించి ‘టైప్ సర్టిఫికెట్’ ఇస్తారు. ఆ నమూనా ప్రకారం తయారైన ప్రతి విమానానికీ ఎగరడానికి పనికొస్తుందని మరో పత్రం. అంటే ఆవకాయ కొలతకి ఒకటి, జాడీ జాడీకీ ఒకటి అన్నమాట. షెడ్డులో చేసుకున్న దానికి ఇంత తతంగం ఎవరు భరిస్తారు? అందుకని బ్రిటన్ వైమానిక శాఖ వీటికి చిన్నపాటి ‘ఎగిరే అనుమతి’ ఇచ్చింది. నూటికి పైగా ఇచ్చింది.

1936 వచ్చేసరికి పేలు కూలడం మొదలైంది. మనుషులు పోయారు. అప్పుడు నిజం విమానాన్నే గాలి సొరంగంలో పెట్టి చూశారు. ముక్కు ఓ హద్దు దాటి కిందికి వంగితే మరి లేవదట! పైకి లేపుదామని పైలట్ కర్ర లాగితే ముందు రెక్క కింది సందులోంచి గాలి దూసుకెళ్ళి వెనక రెక్కనే లేపుతుంది. ముక్కు ఇంకా కిందికి. బతుకుదామని లాగిన లాగుడే ప్రాణం తీసిందంటే, చదువుతూ చదువుతూ పుస్తకం మూసేశాను. ఆ పరీక్షేదో ముందే చేసి ఉంటే!

మిన్యే దుర్మార్గుడేం కాదు. తను నమ్మిన దానిలో తనే ఎగిరాడు. తర్వాత నమూనా సరిదిద్దుకున్నాడు కూడా. కానీ అప్పటికే బ్రిటన్ అనుమతులు ఆపేసింది.

అమెరికాలో కథ వేరు. అక్కడ సొంత విమానాలకి దారులు మూసేస్తే, జార్జ్ బొగార్డస్ అనే ఆయన 1947లో ‘లిటిల్ జీ బీ’ అనే చిన్న విమానంలో ఆరెగాన్ నుంచి వాషింగ్టన్ దాకా ఎగిరి అధికారుల్ని అడిగాడు. చివరికి ‘ప్రయోగాత్మకం’ అనే తరగతి దొరికింది. సగానికి మించిన పని వేడుక కోసమో నేర్చుకోవడం కోసమో స్వయంగా చేసుకుని ఉండాలి. కట్టాక తనిఖీ. తర్వాత జనం లేనిచోట ఎగిరి పరీక్షించి చూపాలి.

ఆపైనే పక్కన ప్రయాణికుల్ని కూర్చోబెట్టుకోవచ్చు. ఆ కూర్చునేవాళ్ళకి కనబడేట్టు ఓ బోర్డుండాలి: ఇది ఔత్సాహికులు కట్టింది, మామూలు విమానాల భద్రతా నియమాలకు లోబడింది కాదు అని.

ఇది చదివి వినిపిస్తే మా వారు పేపర్లోంచి తలెత్తి, “ఆ స్వెట్టరుకీ ఓ బోర్డు పెట్టాల్సింది” అన్నారు.