వరద డ్యూటీ – నిద్ర పట్టని రాత్రులు

శ్రావణ భాద్రపద మాసాలు వచ్చి, ఎగువన వానలు పడుతున్నాయని వార్తల్లో చెప్పగానే రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని మన సభ్యులలో అనేకులు చెబుతూ ఉంటారు. రిటైరై పదేళ్ళు, ఇరవై ఏళ్ళు అయినవారు కూడా వీరిలో ఉన్నారు. ఇంట్లోవారికి ఇది వింతగా ఉంటుంది. “డ్యూటీ లేదు, మెమో లేదు, ఇంకా ఎందుకీ గాబరా?” అని పిల్లలు అడుగుతారు. అడగడం సబబే. అయితే ఈ బెంగ ఒక మనిషిది కాదు, ఒక వృత్తిది. కృష్ణా డెల్టాలో నీటిని నమ్ముకుని నడిచిన ఉద్యోగాలన్నిటికీ ఏటా కొన్ని వారాలు ఊపిరి సలపని పని ఉండేది. ఆ పనికి రెండింతలుగా “ఏమవుతుందో” అనే ఆలోచన ఉండేది. మనకు ముందువారు దీనిని ఎలా తట్టుకున్నారో నాకు తెలిసినంతవరకు ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తున్నాను.

కాటన్ దొరతో మొదలుపెట్టడం న్యాయం. 1832–33లో వచ్చిన నందన కరువు, గుంటూరు వైపు డొక్కల కరువని చెప్పుకునేది, ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేసింది. ఆ తరువాతనే కుంఫిణీవారు ఈ జిల్లాల నీటి సంగతి పట్టించుకున్నారు. 1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని మొదలైంది. మరుసటి ఏడాదే, పని నడుమ ఉండగా, కాటన్ ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆయన చార్జి కెప్టెన్ ఆర్ కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళారు. 1850లో తిరిగి వచ్చారు. 1852కు ఆనకట్ట పూర్తయినది.

మన ఊళ్ళలో కాటన్ విగ్రహాలు గుర్రం మీద ఠీవిగా ఉంటాయి. ఒంట్లో ఓపిక లేనప్పుడు అంత పనినీ వేరొకరి చేతిలో పెట్టి ఓడ ఎక్కిన కాటన్‌ను ఎవరూ విగ్రహంగా నిలపలేదు. నా మటుకు నాకు ఆయన చేసిన గొప్ప పనులలో అదీ ఒకటి. తాను లేకపోతే ఆనకట్ట ఆగిపోతుందని ఆయన అక్కడే మంచం పట్టి కూర్చోలేదు. ఆనకట్టా ఆగలేదు. పైగా ఆ రోజుల్లో బరువు మోసిన ఆర్ చేతికే బెజవాడ ఆనకట్ట కూడా వచ్చింది. ఇంద్రకీలాద్రి నుంచి సీతానగరం కొండ వరకు ఆయన 1852లో మొదలుపెట్టి 1855లో ముగించారు. చార్జి అప్పగింత కాగితం మీద సంతకం చేసిన ప్రతి ఉద్యోగీ గుర్తుంచుకోదగ్గ సంగతి ఇది.

ఆనాటి ఆనకట్ట అంటే నదికి అడ్డంగా కట్టిన రాతి గోడ. వరద దాని మీదుగా పొర్లి పోవలసిందే. సిబ్బందికి కరకట్టల భయమే గాని, నదిని ఏం చేయాలన్న ప్రశ్న పెద్దగా ఉండేది కాదు. 1952లో ఆనకట్టకు గండి పడిన తరువాత దాని స్థానంలో బ్యారేజీ కట్టారు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి ఆ ఏడే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టిన విషయం అందరికీ విదితమే. దీనికి 70 గేట్లు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు.

గేట్లు వచ్చిన తరువాత భయం తగ్గాలి. నిజానికి ఆలోచన పెరిగింది. ఎన్ని గేట్లు, ఎన్ని అడుగులు ఎత్తాలన్నది ఇప్పుడు మనిషి చెప్పవలసిన మాట అయింది. నీటిమట్టం 12 అడుగులు నిలవకపోతే బందరు, ఏలూరు, రైవస్ కాలువలకు నీరు సరిగా అందదు. నిలబెడదామని ఆలస్యం చేస్తే ఎగువ ఒత్తిడి. ఒక్కసారిగా వదిలితే దిగువ లంకల్లో పశువులను గట్టుకు తోలుకునే వ్యవధి ఉండదు. రాతి గోడకు కాపలా ఉన్నవాడికి లేని ఈ మథన గేటు దగ్గర ఉన్నవాడికి వచ్చింది. పనిముట్టు మెరుగైతే మనసు తేలిక పడుతుందని అనుకుంటాం గాని, నిర్ణయం చేతికి వచ్చినచోట అలా జరగదు.

దీనికి విరుగుడుగా పెద్దలు పెట్టినవి అంకెలు. బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవది. ఈ రెండు అంకెలూ తీరప్రాంతాల వారికి నోటికి వచ్చు. పైకి ఇవి ప్రజల కోసం. అయితే వీటివల్ల సిబ్బందికి జరిగిన మేలు తక్కువది కాదు. అంకె లేనప్పుడు చీకట్లో నీటి చప్పుడు విన్న ప్రతివాడూ తన మనసులో తానే హెచ్చరిక జారీ చేసుకోవలసి వచ్చేది. అంకె వచ్చిన తరువాత, అది దాటేవరకు చేయవలసిన పని వేరు, దాటాక చేయవలసిన పని వేరు. మధ్యలో ఊహలకు చోటు తగ్గింది.

దానికి తోడు గేజి రిజిస్టరు. గంట గంటకూ చూసి రాయడం. నేను గుమాస్తాగా కంట్రోల్ రూము డ్యూటీ చేసిన రోజుల్లో అనుభవం గల ఒక లస్కరు ఉండేవాడు. రీడింగు చెప్పి, మేము రాసిన అంకె మళ్ళీ చదివించుకుని విని, అక్కడే బల్ల కింద పడుకుని ముప్పావు గంట గాఢంగా నిద్రపోయేవాడు. చదువుకున్నవాళ్ళం మేము మాత్రం మేలుకుని లెక్కలు వేసుకునేవాళ్ళం, పులిచింతల వైపు ఎంత ఉంటుంది, సాగర్ ఎంత వదిలారు అని. తెల్లవారేసరికి మా లెక్కలు ఒక్కటీ పనికి వచ్చేవి కావు. అతని రీడింగులు అన్నీ పనికి వచ్చేవి.

ఆఫీసు పనికి వేరే రుతువు ఉంది. మార్చి 31 అంటే ఏమిటో ఈ సంచిక చదివేవారికి చెప్పనక్కరలేదు. ట్రెజరీ దగ్గర బిల్లుల కట్టలు, బడ్జెటు లాప్స్ అవుతుందేమోనన్న భయం, ఇంటికి వెళ్ళినా చెవిలో మోగే అభ్యంతరాలు. పాత కరణాలకు ఇదే బాధ ఫసలీ చివర, జమాబందీ నాడు ఉండేది. ఫసలీ జూన్ 30తో ముగుస్తుంది. లెక్కల కట్టలు మోసుకుని తాలూకా కచేరీకి వెళ్ళిన ఆ వ్యవస్థ 1984లో రద్దయింది గాని, ఆ నాటి కంగారు కథలు ఇంకా మన ఇళ్ళలో వినపడుతూనే ఉన్నాయి.

మద్రాసు రాజధాని నాటి నుంచి మన జిల్లా కచేరీలలో నడిచిన టాటెన్‌హామ్ పద్ధతిని మనం అందరం విసుక్కున్నాము. తపాలు రాగానే నంబరు, పర్సనల్ రిజిస్టరులో ఒక వరుస, ప్రతి ఫైలుకు రాకపోకలు. కాని అందులో కాల్ బుక్ అని ఒకటి ఉండేది గుర్తుందా? ఇప్పట్లో ఏమీ చేయడానికి వీలులేని ఫైలును, మళ్ళీ ఫలానా తేదీన తీయాలని రాసి, పెండింగు లెక్కలోంచి తీసి పక్కన పెట్టడం. కోర్టు తీర్పు రావాలి, ప్రభుత్వ ఉత్తర్వు రావాలి. అది వచ్చేదాకా రోజూ ఆ ఫైలు విప్పి దిగులు పడితే ఒరిగేదేమీ లేదు. ఈ మాట ఆ మాన్యువల్ ఎక్కడా దిగులు పేరుతో చెప్పలేదు. రిజిస్టరు గడులు గీసి చెప్పింది. ఈ రోజుల్లో మానసిక నిపుణులు బెంగ ఎక్కువగా ఉన్నవారిని, వచ్చిన ఆలోచనను కాగితం మీద రాసి, రోజులో ఒక వేళ నియమించుకుని అప్పుడే దానిని చూడమని చెబుతున్నారు. మన హెడ్ గుమాస్తాలకు ఇది కొత్త విషయం కాదు.

మనిషి అలసటకు అంకె పెట్టిన ఘనత మాత్రం రైల్వేది. విజయవాడ వంటి పెద్ద జంక్షనులో సెక్షన్ కంట్రోలరు పని ఎటువంటిదో చూసినవారికి తెలుసు. చెవికి ఫోను, ఎదుట చార్టు, కళ్ళు ఒక్క నిమిషం తిప్పడానికి లేదు. రైల్వే ఉద్యోగుల పనిగంటల వివాదంలో న్యాయమూర్తి రాజాధ్యక్ష 1947లో అవార్డు ఇచ్చారు. ఎడతెగని ఏకాగ్రత కావలసిన పనులను ఇంటెన్సివ్ అనే ప్రత్యేక తరగతిగా లెక్కించడం అక్కడినుంచి వచ్చినది. ఆ తరగతివారికి రోజుకు ఆరు గంటల డ్యూటీ. కండలు అలిసినట్టే మనసూ అలుస్తుందని, దానికి గంటలు లెక్కకట్టాలని ఒప్పుకున్న నిబంధన ఇది. వరద డ్యూటీ, తుఫాను డ్యూటీ, ఎన్నికల డ్యూటీ చేసిన మనలో చాలామందికి అటువంటి లెక్క లేదు. గేటు ఎన్ని అడుగులు ఎత్తాలో రాసి ఉన్నది గాని, ఎత్తే మనిషి ఎన్ని గంటలకు ఇంటికి పోవాలో రాసి లేదు. రిలీవరు వచ్చేదాకా ఉండాలి. రిలీవరు దారిలో నీళ్ళలో చిక్కుకుని ఉండేవాడు. ఇది ఇప్పటికీ నాకు లోటుగానే తోస్తుంది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి రాయడానికి చేయి ఆడదు. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. అటుపిమ్మట అక్కడ పని చేసినవారు ఎన్నో ఏళ్ళు వాయుగుండం అన్న మాట వింటేనే వణికేవారు. ఆ వణుకును ఎవరూ సముదాయించలేదు. కాని అది వృథా పోలేదు. తుఫాను షెల్టర్లు, ముందుగా ఊళ్ళు ఖాళీ చేయించే ఏర్పాట్లు దానినుంచే పుట్టాయి. 1990 మే 9న అంత తీవ్రమైన తుఫాను మళ్ళీ ఈ తీరానికే వచ్చినప్పుడు మరణాలు వెయ్యికి లోపే ఉన్నాయి. అవీ ప్రాణాలే. అయినా తేడా చూడండి. “మళ్ళీ వస్తే?” అని నిద్ర లేకుండా ఆలోచించిన వారిలో కొందరు ఆ ప్రశ్నను వ్యాను, మైకు, జాబితా, షెల్టరు తాళంచెవి కింద మార్చగలిగారు.

బ్యారేజీ దగ్గర 1903 నాటి 10.6 లక్షల క్యూసెక్కుల వరద వంద ఏళ్ళు రికార్డుగా నిలిచింది. 2009 అక్టోబరులో 11.10 లక్షలు, 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు దాటిపోయాయి. ఆ 2024 వరదలో పడవలు కొట్టుకువచ్చి గుద్దుకుని గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. అప్పుడు సరిచేయడానికి పిలిపించినది ఎవరినో తెలుసు కదా, కన్నయ్యనాయుడు గారిని. ఎనభైకి దగ్గర పడిన విశ్రాంత ఉద్యోగి. అంతకు మూడు వారాల ముందే తుంగభద్ర డ్యాములో కొట్టుకుపోయిన 19వ గేటు స్థానంలో స్టాప్‌లాగ్ దింపించి వచ్చారు. పారే నీటి మధ్య ఆయన ఒక్కొక్క ఎలిమెంటు దిగేవరకు దానినే చూశారు, అన్నీ ఒక్కసారి ఊహించుకుని కూర్చోలేదు. టీవీలో చూస్తూ మా ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాము.

మనలో మిగతావారి సంగతి వేరు. చార్జి అప్పగించి వచ్చాము, మనసు మాత్రం రీడింగు తీస్తూనే ఉంది. రాసుకునే రిజిస్టరు లేదు, వచ్చే రిలీవరు లేడు. మరీ నిద్ర చెడితే డాక్టరుకు చెప్పుకోవడంలో చిన్నతనం లేదు. 2022 నుంచి నడుస్తున్న టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. రాత్రి రెండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనవడికీ ఈ నంబరు చెప్పండి. వాడి బెంగా మన బెంగా ఒక జాతివే.

2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి. 2016లో వలె మళ్ళీ ఘాట్ల దగ్గర సేవకు మన సంఘాన్ని అడిగితే, డ్యూటీ చార్టులో ప్రతి పేరుకు ఎదురుగా రిలీవరు పేరు, గంట వేసి ఉంటేనే సంతకం చేయవలసిందిగా కార్యవర్గానికి నా మనవి.