కిరసనాయిలు బుడ్డి నుండి గ్యాసు బండ దాకా
(చమురు ధరలు - కరువు భత్యం : ఒక చారిత్రక పరిశీలన)

విశ్రాంత ఉద్యోగులు నలుగురు కలిసిన చోట తరచుగా వినబడే మాటలు రెండు. ఒకటి కరువు భత్యం, రెండవది ధరలు. ఈ రెండింటి నడుమ కంటికి కనబడకుండా ఉండే మూడవ వస్తువు చమురు. మన పాలప్యాకెట్టు, కూరగాయలు, మందుసీసా, బస్సు టిక్కెట్టు - వీటిలో చమురుతో సంబంధం లేనిది ఏదీ లేదు. ఎక్కడో పారశీక సింధుశాఖలో యుద్ధం వస్తే మన ఊరి సంతలో టమోటా ధర ఎందుకు పెరుగుతుందో, ఆ భారంలో మన పింఛనుకు దక్కేదెంతో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

బర్మా చమురు కాలం

మన తాతల కాలంలో ఇంటి దీపం ఆముదంతో వెలిగేది. పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో కిరసనాయిలు డబ్బాలు వచ్చాక బుడ్డి దీపాలు, లాంతర్లు పల్లెలకు కూడా పాకాయి. అస్సాంలోని డిగ్బాయిలో 1889లో చమురు పడింది. 1901లో అక్కడే శుద్ధి కర్మాగారం వెలిసింది. అయితే మనకు ఎక్కువగా చమురు పంపింది బర్మా. 1937 వరకు బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కనుక దాన్ని పరదేశపు సరుకు అని ఎవరూ అనుకోలేదు. 1928లో ఏర్పడిన బర్మా-షెల్ కంపెనీ పేరు కిరసనాయిలుకు మారుపేరుగా చాలాకాలం నిలిచిపోయింది.

1942 మార్చిలో రంగూను జపాను వశమైంది. వెనక్కు తగ్గుతూ బ్రిటిష్ వారు అక్కడి చమురు బావులను, శుద్ధి కర్మాగారాలను తామే ధ్వంసం చేశారు. రంగూను రేవులో, బియ్యపు మిల్లుల్లో పనిచేస్తున్న వేలాది తెలుగువారు అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశం చేరడానికి బయలుదేరారు. దారిలో రాలిపోయినవారు ఎందరో. ఇక్కడ కిరసనాయిలుకు, పెట్రోలుకు రేషను వచ్చింది. పెట్రోలు లేక బస్సులకు వెనుక బొగ్గు కొలిమి తగిలించి, ఆ గ్యాసుతో నడిపారు. ఎనభై దాటిన వారు తమ పెద్దల నోట ఈ బొగ్గు బస్సుల ముచ్చట విని ఉంటారు. పరాయి చోటు నుండి వచ్చే చమురు మీద బతుకు ఆధారపడితే ఏమవుతుందో మన దేశానికి మొదటిసారి తెలిసినది అప్పుడే.

ఉద్యోగులకు కరువు భత్యం అనే ఏర్పాటు కూడా ఆ యుద్ధకాలపు ధరల నుండి పుట్టినదే. అంటే చమురు కరువు, కరువు భత్యం రెండూ ఒకే ఈడువి.

స్వాతంత్ర్యం తరువాత

స్వాతంత్ర్యం వచ్చేనాటికి చమురు వ్యాపారం దాదాపుగా విదేశీ కంపెనీల చేతిలోనే ఉంది. ట్రాంబేలో రెండు కంపెనీలు 1954, 1955 సంవత్సరాలలో శుద్ధి కర్మాగారాలు పెట్టాయి. 1957లో విశాఖపట్నంలో కాల్‌టెక్స్ కర్మాగారం మొదలైంది. సొంత చమురు వెదకాలన్న పట్టుదలతో కె.డి. మాలవీయ చొరవ మీద 1956లో ఓ.ఎన్.జి.సి. ఏర్పడింది. సోవియట్ నిపుణులు తోడ్పడ్డారు. 1960లో గుజరాత్‌లోని అంక్లేశ్వర్‌లో చమురు దొరికింది. 1974లో బొంబాయి హై బయటపడింది. 1974-76 మధ్య విదేశీ కంపెనీలు జాతీయమై, కాల్‌టెక్స్ కర్మాగారం 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది.

1973 : మొదటి దెబ్బ

1973 అక్టోబరులో అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు చమురును ఆయుధంగా పట్టాయి. పీపాకు సుమారు 3 డాలర్లున్న ధర 1974 జనవరి నాటికి 12 డాలర్ల దరిదాపులకు చేరింది. మూడు నెలలలో నాలుగింతలు! మన ప్రభుత్వం పెట్రోలు ధర పెంచింది. దానికి నిరసనగా ఆ నవంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. 1974-75లో టోకు ధరలు 25 శాతం వరకు పెరిగాయి. ఆ మే నెలలో రైల్వే కార్మికులు ఇరవై రోజులు సమ్మె చేశారు. వారి కోర్కెలలో కరువు భత్యం కూడా ఒకటి.

అదే సంవత్సరం జులైలో ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. తరువాత అది చట్టమైంది. జీతాల పెంపు మొత్తాన్ని, అదనపు కరువు భత్యంలో సగాన్ని ఉద్యోగి చేతికి ఇవ్వకుండా నిర్బంధ డిపాజిట్టుగా జమ చేయాలన్నది దాని సారాంశం. ఉద్యోగుల చేతిలో డబ్బు ఆడితే ధరలు ఇంకా పెరుగుతాయని ప్రభుత్వ వాదన. మనలో పెద్దలైన వారికి ఆ జీతపు బిల్లుల్లోని కోత గుర్తుండే ఉంటుంది. ధరలు పెంచినది ఎవరో, డబ్బు ఆపినది ఎవరికో ఆలోచించండి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. అయితే ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆ డిపాజిట్టు పొమ్మన్న సొమ్ము కాదు. వాయిదాల మీద వడ్డీతో తిరిగి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉంది.

1979, 1990 : రెండు, మూడు

1979లో ఇరాన్ విప్లవం, 1980లో ఇరాన్-ఇరాక్ యుద్ధం. పీపా ధర 30 డాలర్లు దాటింది. 1980-81లో మన ఎగుమతులన్నిటి మీద వచ్చినది సుమారు 6,700 కోట్ల రూపాయలు. అందులో చమురు దిగుమతికే 5,200 కోట్లకు పైగా పోయింది. ఇంటి పెద్ద నెల జీతంలో నాలుగింట మూడు వంతులు ఒక్క కిరసనాయిలుకే ఖర్చు పెడితే ఇల్లు ఎలా నడుస్తుందో దేశం అలా నడిచింది. బొంబాయి హై ఆదుకోబట్టి ఊపిరి పీల్చుకున్నాం. 1980-81లో కోటి టన్నుల పైచిలుకు ఉన్న దేశీయ ఉత్పత్తి 1989-90 నాటికి మూడు కోట్ల నలభై లక్షల టన్నులకు చేరింది. కాని వాడకం కూడా పెరుగుతూనే వచ్చింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. గోదావరి జిల్లాల నుండి, కడప జిల్లా నుండి పొట్టచేతబట్టుకుని వెళ్ళిన వారెందరో అక్కడ చిక్కుకున్నారు. లక్షా డెబ్బయి వేల మంది భారతీయులను ఇంటికి చేర్చడానికి విమానాలు అమ్మాన్ నుండి వందల సార్లు తిరిగాయి. ఇక్కడ పెట్రోలు మీద గల్ఫ్ సర్‌ఛార్జి పడింది. చమురు బిల్లు పెరిగి, గల్ఫ్ నుండి వచ్చే డబ్బు ఆగి, 1991 జూన్ నాటికి రెండు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ ద్రవ్యమే మిగిలింది. స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం అమ్మారు. రిజర్వు బ్యాంకు 47 టన్నుల వరకు విదేశాలలో తాకట్టు పెట్టింది. పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించింది. ఆ జులై బడ్జెట్టులో పెట్రోలు, వంటగ్యాసు ధరలు 20 శాతం పెరిగాయి. బంగారం కుదువకు వెళ్ళిందన్న వార్త ఆనాడు మధ్యతరగతి ఇళ్ళలో ఎంత బాధ కలిగించిందో చెప్పనవసరం లేదు. ఇల్లాలి మెడలోని గొలుసు మార్వాడీ కొట్టుకు పోవడం ఎటువంటిదో ఆ ఇళ్ళకు తెలుసు.

కోనసీమ గ్యాసు

మన నేల కింద ఏమీ లేదా అంటే ఉంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓ.ఎన్.జి.సి. గ్యాసు తీస్తోంది. సముద్రంలో రవ్వ క్షేత్రం 1993 నుండి చమురు ఇచ్చింది. 2009లో కె.జి.-డి6 నుండి గ్యాసు వచ్చింది. కాని ఆ సంపద తాలూకు కష్టం మాత్రం పక్కనున్న ఊళ్ళదే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి ఎగసిన మంట అరవై రోజులకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా మరణించారు. సొంత ఇంధనం అంటే ఉచిత ఇంధనం కాదని కోనసీమ మనకు నేర్పిన పాఠం.

ధర ఎవరు నిర్ణయించాలి?

1970ల నుండి పెట్రోలు ఉత్పత్తుల ధరలను ప్రభుత్వమే నిర్ణయించేది. పెట్రోలు మీద ఎక్కువ వసూలు చేసి, కిరసనాయిలు, వంటగ్యాసు చవకగా ఇవ్వడానికి 'ఆయిల్ పూల్' అనే ఉమ్మడి ఖాతా ఉండేది. ఈ పద్ధతి 2002 ఏప్రిల్ 1న కాగితం మీద రద్దయింది. అయినా 2008 జులైలో పీపా 147 డాలర్లు తాకినప్పుడు బంకులో ధర అంత పెంచే ధైర్యం లేక, చమురు కంపెనీలకు నగదుకు బదులు బాండ్లు ఇచ్చారు. లక్ష కోట్లకు మించిన ఆ బాండ్ల అసలులో చాలా భాగం 2021 తరువాతి సంవత్సరాల మీద పడింది. అప్పు చేసి పప్పుకూడు అన్న సామెత మన పెద్దలు ఊరికే అనలేదు.

2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ అదుపు తొలగింది. 2017 జూన్ నుండి రోజువారీ ధర వచ్చింది. ప్రపంచ ధర పెరిగితే పెంచుతాం, తగ్గితే తగ్గిస్తాం అన్నది అప్పటి మాట. జరిగినది చూడండి. 2014 మధ్యలో వంద డాలర్లకు పైనున్న పీపా 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి దిగింది. ఆ లోపల కేంద్ర ఎక్సైజు సుంకం తొమ్మిది సార్లు పెరిగింది. 2020లో కరోనా వల్ల చమురు అడిగేవాడు లేక ధర కుప్పకూలింది. మార్చి, మే నెలలలో కలిపి పెట్రోలు మీద 13 రూపాయలు, డీజిలు మీద 16 రూపాయలు సుంకం పెంచారు. రాష్ట్రాల వ్యాట్ దానికి అదనం. 2021 జూన్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు వంద దాటింది. 2023 మార్చికి అక్కడే గ్యాసు బండ 1,150 రూపాయలు దాటింది. ఆ తరువాత 300 రూపాయలు తగ్గించారన్నదీ నిజమే. 2021 నవంబరులో, 2022 మేలో ఎక్సైజు సుంకం తగ్గించినదీ నిజమే. అయినా లెక్క మొత్తం చూస్తే, పెరిగినప్పటి భారం మనకు, తగ్గినప్పటి లాభంలో పెద్ద వాటా ఖజానాకు దక్కింది.

రెండు ఏప్రిళ్ళు కాదు, రెండు పద్ధతులు

2020 ఏప్రిల్‌లోనే మరొక ఉత్తర్వు వచ్చింది. కేంద్ర ఉద్యోగులకు కరువు భత్యం, పెన్షనర్లకు డియర్‌నెస్ రిలీఫ్ మూడు వాయిదాలు నిలిపివేశారు. 17 శాతం వద్ద పద్దెనిమిది నెలలు ఆగిన రేటు 2021 జులైలో 28 శాతమైంది. కాని ఆ పద్దెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు. దానివల్ల మిగిలినది 34,402 కోట్ల రూపాయలని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. 1974లో ఆపిన సొమ్ము తిరిగి వచ్చింది. 2020లో ఆపిన సొమ్ము రాలేదు. మహమ్మారి కాలం అసాధారణమైనదే, కాదనము. కాని ఒకే ఋతువులో ఒక చేత్తో సుంకం పెంచి, మరో చేత్తో ఆ ధరలకు పరిహారమైన భత్యాన్ని ఆపడం స్థిరాదాయం గల వాడికి రెండు వైపులా దెబ్బ. వ్యాపారి తన డీజిలు ఖర్చును సరుకు ధరలో కలుపుకుంటాడు. లారీ యజమాని కిరాయి పెంచుకుంటాడు. పెన్షనరుకు పెంచుకోవడానికి ఏముంది? ఆరు నెలలకొకసారి వచ్చే ఆ రిలీఫే ఉంది.

అదైనా ధర వెంట నడిచేది కాదు, వెనుక నడిచేది. పన్నెండు నెలల సగటు సూచీని బట్టి జనవరికి, జులైకి లెక్క కడతారు. ఉత్తర్వు రావడానికి మరి కొన్ని నెలలు. రాష్ట్రాలలో ఆ ఆలస్యం ఇంకా ఎక్కువ. పైగా 2016 ఆధార సంవత్సరపు సూచీలో ఇంధనం, వెలుతురు పద్దుకు ఇచ్చిన వాటా 5.50 శాతమే. ఆహారం వాటా 2001 సూచీలోని 46.20 నుండి 39.17కు తగ్గింది. గ్యాసు బండకు, కూరలకు, మందులకే పింఛను చాలా వరకు సరిపోయే ఇంట్లో ఈ తూకం ఎంత సరిపోతుందో మీరే లెక్క వేసుకోండి.

మన వంతు

2023-24 నాటికి మనం వాడే ముడిచమురులో 87 శాతానికి పైగా బయటి నుండే వచ్చింది. ఇందులో మనకూ వాటా ఉంది. ఒకప్పుడు ఇంటికొక సైకిలు, ఊరికొక బస్సు. ఇప్పుడు ఇంటికి రెండు బండ్లు. మన పిల్లలకు ఆ సంగతి చెప్పవలసినదీ మనమే. ప్రభుత్వానికి రాబడి అక్కరలేదని కూడా మనం అనడం లేదు. అడుగుతున్నది రెండే. చమురు మీద పన్ను పెంచిన నాడు దాని భారం తీర్చే రిలీఫును సమయానికి ఇవ్వాలి. ఆపక తప్పని రోజు వస్తే, 1974లో వలె, అది తిరిగి ఇచ్చే అప్పుగా ఉండాలి.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాభిక్ష కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కని తేల్చింది. హక్కు విలువ అంకెలో ఉండదు, ఆ అంకె ఎన్ని బండల గ్యాసు కొనగలదన్న దానిలో ఉంటుంది. కనుక మిత్రులారా, రిలీఫు ఉత్తర్వుల నకళ్ళు, బకాయిల లెక్కలు భద్రపరచుకోండి. రేపు అడగవలసి వచ్చినప్పుడు మన నోటి మాట కంటే ఆ కాగితాలే గట్టిగా మాట్లాడతాయి.